ఉబ్బసానికి చలికాలం సెప్టెంబరులోనే మొదలు

దీపావళి దాటిన దగ్గర్నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఏ మేడ మీద విన్నా తుమ్ములూ దగ్గులే. కోచింగ్ కోసం వచ్చిన తెలుగు పిల్లలు, ఉద్యోగాలతో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ నెలల్ని ఎలా దాటాలి? పొగ, పుప్పొడి, రజాయి దుమ్ము, వేరుశెనగ... దేనికి ఏ జాగ్రత్త?

నవంబరు మొదట్లో ఏ ఆదివారమైనా కరోల్ బాగ్‌లో మేడెక్కి చూడండి. పిట్టగోడల నిండా రజాయిలే. మార్చిలో కలరా ఉండలతో సహా దివాన్ పెట్టెలో కుక్కేసినవి ఎనిమిది నెలల తర్వాత ఎండ మొహం చూస్తుంటాయి. ఒకరు పట్టుకుంటే ఒకరు కర్రతో బాదుతారు. దెబ్బదెబ్బకీ లేచే ఆ దుమ్ములో దూది పీచు, మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు, ఆ పొట్టు తిని బతికే కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగుల రెట్ట ఉంటాయి. ఆ రెట్టే అసలు దోషి. ఉబ్బసం తత్వం ఉన్నవాళ్ళకి రజాయి దులిపిన సాయంత్రానికి ముక్కు దిబ్బడేస్తుంది. అర్ధరాత్రికి పిల్లికూతలతో లేచి కూర్చుంటారు. తెల్లారి ఊరికి ఫోన్ చేసి చెప్పే మాట మాత్రం ఒకటే: "ఢిల్లీ గాలమ్మా, పడటం లేదు."

ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే అందులో నాలుగు బాధలు కలిసిపోయి ఉన్నాయి. బయటి పొగ ఊపిరితిత్తుల్ని గీరుతుంది. పుప్పొడి ముక్కునీ కళ్ళనీ పట్టుకుంటుంది. గదిలో దుమ్ము రాత్రిపూట పని చేస్తుంది. తిండి పడకపోవడం మరో లెక్క. దేని వేళ దానిది, దేని విరుగుడు దానిది. అన్నిటినీ కలిపి పొల్యూషన్ ఖాతాలో వేసేస్తే మన చేతిలో ఉన్న జాగ్రత్త కూడా జారిపోతుంది. ఊరంతటి గాలిని ఒక్కరం బాగుచేయలేం. పడుకునే గదినీ, జేబులో పంపునీ (ఇన్హేలర్), కంచంలో తిండినీ చక్కబెట్టుకోగలం. ఆ పని చలి ముదిరాక మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే.

పూసా రోడ్డుకి అటూ ఇటూ

కరోల్ బాగ్‌కీ తెలుగువాళ్ళకీ చుట్టరికం పాతదే. ఢిల్లీలో ఉంటున్న తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో పుట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి ఇక్కడి ప్రసాద్ నగర్‌లో బడి ఉంది. పూసా రోడ్డు దాటితే ఓల్డ్ రాజిందర్ నగర్. సివిల్స్ కలతో శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చిన పిల్లలు ఏటా ఇక్కడే దిగుతారు. విశాఖలో పెరిగిన పిల్లకి డిసెంబరు అంటే పల్చటి దుప్పటి. ఇక్కడ అదే డిసెంబరు రాత్రి ఏడెనిమిది డిగ్రీలకు పడిపోతుంది, కొన్నాళ్ళు ఇంకా కిందికి పోతుంది.

చలికన్నా ముందు ఇబ్బంది పెట్టేది గది. పెద్ద గదిని ప్లైవుడ్ గోడతో రెండు చేసి అద్దెకిస్తారు. కిటికీ ఉంటే అది నాలుగు మేడల మధ్య షాఫ్ట్‌లోకి తెరుచుకుంటుంది. మంచం, బల్ల, ఆరేసిన బట్టలు, పుస్తకాల గుట్ట, మూలన ఇండక్షన్ పొయ్యి అన్నీ అందులోనే. 2024 జులై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం బేస్‌మెంట్‌లోకి వాననీళ్ళు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. నేలమాళిగల్లో నడిచే చదువు గదుల సంగతి ఆ రోజు దేశమంతటికీ తెలిసింది. ప్రాణాలు తీసింది నీళ్ళు కాబట్టి చర్చ నీళ్ళ చుట్టూనే తిరిగింది. అలాంటి గదుల్లో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందన్నది ఉబ్బసం ఉన్న విద్యార్థికి ప్రతిరోజూ ఎదురయ్యే ప్రశ్న.

మూత పడిన ఆకాశం

మామూలు రోజుల్లో నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి పోతుంది, తనతో పాటు పొగనీ మోసుకుపోతుంది. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి కింది గాలి చల్లగా, పై గాలి వెచ్చగా తయారవుతుంది. దాంతో కుండకి మూత పెట్టినట్టు పొగ కిందే ఆగిపోతుంది. గాలీ వీచదు. అక్టోబరు చివర నుంచి నవంబరు దాకా పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యకాళ్ళు తగలబెట్టిన పొగ తోడవుతుంది. అది ఆగిపోయాక కూడా డిసెంబరు, జనవరి నెలల్లో గాలి మెరుగుపడదు. బండ్ల పొగ, రోడ్ల దుమ్ము, ఫ్యాక్టరీలు, చెత్త మంటలు ఢిల్లీకి సొంతంగానే ఉన్నాయి.

లండన్ కూడా ఈ దశ దాటింది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా బొగ్గు పొగ ఇలాగే మూత కింద చిక్కుకుంటే వేలమంది చనిపోయారు. నాలుగేళ్ళకి, 1956లో, అక్కడ పరిశుభ్ర గాలి చట్టం వచ్చింది. ఢిల్లీ గాలి కథ ప్రపంచమంతా చూసింది 2017 డిసెంబరులో. ఫిరోజ్ షా కోట్లా మైదానంలో శ్రీలంక క్రికెటర్లు మాస్కులు పెట్టుకుని ఫీల్డింగ్ చేశారు. 2023లో గాలి మరీ పాడైతే బడులకు శీతాకాలపు సెలవుల్ని నవంబరు 9కే జరపాల్సి వచ్చింది.

కొలమానం ఒకటి మన చేతిలోనే ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ గాలి నాణ్యతా సూచీ, అందరూ ఏక్యూఐ అనేది, ఆరు మెట్లది. 200 దాటితే ‘పూర్’, 300 దాటితే ‘వెరీ పూర్’, 400 దాటితే ‘సివియర్’. ఇందులో ముఖ్యంగా చూడాల్సింది పీఎం 2.5 అనే సన్నని నుసి. ఘనపు మీటరు గాలిలో రోజు సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 15. ఆ నుసి ఊపిరితిత్తుల అట్టడుగు దాకా పోతుంది. అది అలర్జీ పుట్టించే పదార్థం కాదు, అందరినీ గీరుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టాలు ముందే వాచి ఉంటాయి కనుక వాళ్ళకి ఆ గీరుడే చాలు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్‌లో ఢిల్లీ మొత్తం సగటు చూసి ఊరుకోకుండా దగ్గరున్న పూసా కేంద్రం అంకె చూడండి. రోజులో గాలి పాడుగా ఉండేది ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున. మధ్యాహ్నం ఎండ పడ్డాక కొంత తేలిక. ఐదింటికే లేచి పార్కులో పరిగెత్తే మన ఊరి అలవాటు ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మానుకోవాలి. నడకకి మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య మేలు. గుడ్డ మాస్కు, జేబురుమాలు ఆ నుసిని ఆపలేవు. ఎన్ 95 మాస్కు ముక్కు పక్కన సందు లేకుండా బిగిస్తేనే పని చేస్తుంది.

పుప్పొడి క్యాలెండరు

ఢిల్లీలో పుప్పొడికి రెండు కాలాలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకటి, వానలు తగ్గాక సెప్టెంబరు నుంచి నవంబరు మొదళ్ళ దాకా ఇంకొకటి. నడిచలిలో, అంటే డిసెంబరు చివర నుంచి జనవరి దాకా, పుప్పొడి బాగా తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం నిర్ధారణ ఇంట్లోనే అయిపోతుంది. అక్టోబరులో కళ్ళు దురదపెట్టి తుమ్ముల మీద తుమ్ములొస్తే బయటి చెట్టూ చేమల్ని అనుమానించాలి. జనవరిలో అదే జరిగితే పరుపునీ తలగడనీ అనుమానించాలి.

చెట్లు మనకి తెలిసినవే. కరోల్ బాగ్‌కి ఆనుకుని ఉన్న రిడ్జ్ అడవిని బ్రిటిష్ కాలంలో తెచ్చి నాటిన సర్కారు తుమ్మ ఆక్రమించింది. దాని పుప్పొడి అలర్జీకి పేరుమోసింది. చలి చివర్లో నెమలినార చెట్టు పూస్తుంది. అక్టోబరులో వీధుల్ని ఘాటైన వాసనతో ముంచెత్తేది ఏడాకుల పాల. ఆ వాసనకే తలనొప్పి, దగ్గు వచ్చేవాళ్ళున్నారు. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఇదే చెట్టుని విరివిగా నాటి, తర్వాత జనం గగ్గోలు పెట్టిన సంగతి అక్కడివాళ్ళకి గుర్తే. ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ ఎటూ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం పక్కనున్న వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్ ఊపిరితిత్తుల జబ్బులకూ అలర్జీకీ దేశంలో పేరున్న చోటు. ఏ పుప్పొడి పడదో చర్మం మీద చిన్న గాటుతో తేల్చే పరీక్ష ఇలాంటి చోట చేయించుకుంటే ఏడాదంతా అంచనాలతో బతకక్కర్లేదు.

గదిలో శత్రువులు

చలికి తలుపులు బిగించుకుని పన్నెండు గంటలు ఒకే గదిలో ఉంటాం. అంటే ఊపిరిలో ఎక్కువ భాగం ఆ గదిదే. డస్ట్ మైట్లు పరుపు, తలగడ, రజాయి, తివాచీల్లో ఉంటాయి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే చస్తాయి. గోరువెచ్చని నీళ్ళకి చావవు. పరుపుకీ తలగడకీ జిప్పుతో పూర్తిగా మూసే సన్ననేత కవర్లు దొరుకుతాయి. రజాయిని దులిపే పని ఉబ్బసం లేనివాళ్ళకి అప్పగించాలి. ఎవరూ లేకపోతే మాస్కు పెట్టుకుని మేడ మీదే చేయాలి. కొత్తగా కొనేవాళ్ళు ఉతకడానికి వీలయ్యేది కొనుక్కోవడం మంచిది. దూది రజాయిని నీళ్ళలో ముంచలేం, లోపలి దుమ్ము లోపలే ఉంటుంది.

గోడ చెమర్చి నల్లమచ్చలు వేస్తే అది బూజు. దాని విత్తులు గాల్లో తేలి ఉబ్బసాన్ని రేపుతాయి. తడిబట్టలు గదిలో ఆరేస్తే బూజుకీ మైట్లకీ కూడా పండగే. బొద్దింకల అవశేషాలు కూడా అలర్జీ కారకాలే. దోమల చక్రాలు, అగరొత్తులు, మూసిన గదిలో మిరపకాయల తాలింపు ఘాటు, ఇవి అలర్జీలు కావు గానీ గొట్టాల్ని గీరే పొగలు. పూజ మానమని ఎవరూ అనరు. అగరొత్తి బదులు పువ్వు పెట్టుకోవచ్చు, తాలింపు వేసేటప్పుడు తలుపు తీయొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం బొగ్గుల కుంపటి. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్త ఉత్తరాదిలో ప్రతి చలికాలం వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. కరెంటు హీటరు నయం. అది కూడా గాలిని ఎండగొడుతుంది కనుక గది వెచ్చబడ్డాక ఆపేయాలి.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనేవాళ్ళు హెపా ఫిల్టరు ఉన్నదీ, గది కొలతకి సరిపోయేదీ తీసుకోవాలి. ఓజోన్ వదిలే రకాలు ఉబ్బసం ఉన్నవాళ్ళకి చేటు. తలుపు తీసిపెట్టి దాన్ని నడిపినా, ఫిల్టరు నెలల తరబడి మార్చకపోయినా డబ్బు దండగ. మధ్యాహ్నం గాలి కాస్త తేలికైన వేళ అరగంట కిటికీ తీసి, తర్వాత మూసి ప్యూరిఫయర్ వేసుకోవడం ఇక్కడ నప్పే పద్ధతి.

ఇస్నోఫీలియా అనే పాత అనుమానం

తెలుగు ఇళ్ళల్లో తుమ్ములు ఆగకపోయినా, రాత్రి దగ్గినా, పెద్దవాళ్ళ నోట మొదట వచ్చే పేరు ఇస్నోఫీలియా. ఈ పేరుకి మన గడ్డ మీద గట్టి చరిత్రే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో ఒక వింత సంగతి రాశారు. క్షయలా కనిపించే ఛాయలు, రాత్రి దగ్గు, ఆయాసం, రక్తంలో ఇస్నోఫిల్ కణాలు బాగా ఎక్కువ, కానీ అది క్షయ కాదు. అదే తర్వాత ట్రాపికల్ ఇస్నోఫీలియాగా పేరుపడింది. ఫైలేరియా పురుగుల మీద ఒంటి తిరుగుబాటే దానికి కారణమని తేలింది. దాన్ని లొంగదీసిన మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధన నుంచి 1947లో వచ్చిన డైఇథైల్‌కార్బమజీన్. హెట్రజాన్ పేరుతో ఆ మాత్రలు రెండు తరాల తెలుగు ఇళ్ళకి తెలుసు.

ఆ జబ్బు వేరు, ఉబ్బసం వేరు. రక్తపరీక్షలో ఇస్నోఫిల్స్ కాస్త పెరగడం మామూలు అలర్జీలోనూ, ఉబ్బసంలోనూ, కడుపులో పురుగులున్నా కనిపిస్తుంది. ఆ అంకె చూసి పాత చీటీలోని మాత్రలు మళ్ళీ వాడుకోవడం వల్ల ఎంతోమంది అసలు ఉబ్బసం ఏళ్ళ తరబడి పేరు లేకుండా ఉండిపోతోంది. ఉబ్బసాన్ని తేల్చేది స్పైరోమెట్రీ. గొట్టంలోకి బలంగా ఊది, మందు పీల్చి, పావుగంట తర్వాత మళ్ళీ ఊదుతారు. మందుకి ఊపిరి తెరుచుకుందంటే గుట్టు రట్టయినట్టే. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉంటే, ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా మనవేనని అంతర్జాతీయ అంచనాలు. రోగం మనకి ఎక్కువై కాదు. పేరు పెట్టడంలో, మందు సరిగా వాడటంలో వెనకబడటం వల్లే ఈ తేడా.

చేపమందు, జోషాందా, పంపు

మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదం కోసం ఉత్తరాది నుంచి కూడా రైళ్ళెక్కి వస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. కరోల్ బాగ్‌కీ తన వైద్య సంప్రదాయం ఉంది. అజ్మల్ ఖాన్ రోడ్డుకి పేరిచ్చిన హకీం అజ్మల్ ఖాన్ నెలకొల్పిన ఆయుర్వేద యునానీ తిబ్బియా కళాశాలను 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ ప్రారంభించారు. చలికాలంలో ఇక్కడ జోషాందా కషాయం తాగని ఇల్లు తక్కువ. గొంతుకి హాయినిచ్చే కషాయాన్ని ఎవరూ కాదనరు. నమ్మకంతో చేపమందు తీసుకున్నవాళ్ళతోనూ పేచీ అక్కర్లేదు. వాటిని నమ్మి పంపు మానేసినప్పుడే ప్రాణం మీదికొస్తుంది.

పంపు మీద మనవాళ్ళకి రెండు భయాలు. అలవాటైపోతుందని ఒకటి, స్టెరాయిడ్ అని ఇంకొకటి. పెళ్ళి సంబంధాల దగ్గర తెలిసిపోతుందన్న మూడో భయం ఆడపిల్లల తల్లిదండ్రులది. లెక్క చూడండి. పీల్చే మందు ఒక పఫ్‌లో ఉండేది ఒకటి రెండు వందల మైక్రోగ్రాములు. ఉబ్బసం ముదిరాక మింగే ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములంటే 40,000 మైక్రోగ్రాములు. అది ఒళ్ళంతా తిరుగుతుంది. పంపుకి భయపడి దాన్ని మానేసినవాళ్ళే చివరికి సూదులూ మాత్రల రూపంలో వందల రెట్ల స్టెరాయిడ్ తీసుకుంటారు.

పంపులు రెండు రకాలు. నీలిరంగు సాల్బుటమాల్ అప్పటికప్పుడు గొట్టాల్ని తెరుస్తుంది, లోపలి వాపుని తగ్గించదు. వాపుని తగ్గించేది రోజూ పీల్చే నివారణ మందు. ఒక్క నీలిరంగు పంపుతోనే నెట్టుకురావడం ప్రమాదమని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019లో తేల్చి చెప్పాయి. బ్యుడెసొనైడ్, ఫార్మోటరాల్ కలిసిన పంపు చాలామందికి రెండు పనులూ చేస్తుంది. ఏడాదిలో మూడు నీలిరంగు పంపులు ఖాళీ అయ్యాయంటే జబ్బు అదుపులో లేదని గుర్తు. నివారణ మందు పూర్తి గుణం చూపడానికి వారాలు పడుతుంది. పొగమంచు దిగాక మొదలుపెడితే అది అందుకునేసరికి సగం చలికాలం గడిచిపోతుంది. సెప్టెంబరులోనే డాక్టర్ని కలవమనడం అందుకే.

వాడే తీరు తప్పితే మందు గొంతులోనే ఆగిపోతుంది. పంపుని బాగా కుదపాలి. స్పేసర్ అనే గొట్టానికి తగిలించాలి. ఊపిరంతా బయటికి వదిలి, పెదాలతో గొట్టాన్ని బిగించి, ఒక్క పఫ్ నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పదంకెలు లెక్కపెట్టేంత సేపు బిగబట్టాలి. రెండో పఫ్‌కి ముందు మళ్ళీ కుదపాలి. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోటిపూత వస్తుంది. పొడిమందు పీల్చే రొటాహేలర్‌లో వేయాల్సిన క్యాప్సూల్‌ని నీళ్ళతో మింగేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పంపు పట్టుకెళ్ళి, ఆయన ఎదురుగా ఒకసారి పీల్చి చూపించండి. తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ఊరి నుంచి అమ్మ ఫోన్‌లో అడిగే ప్రశ్నలు మరో రెండున్నాయి: "ఆవిరి పట్టావా నాన్నా? పెరుగు మానేశావా?" ఆవిరి ముక్కు దిబ్బడకి కాస్త ఉపశమనం, ఉబ్బసానికి మందు కాదు. మరిగే గిన్నె ఒలికి ఒళ్ళు కాలడం అదనపు ప్రమాదం. పెరుగు, అరటిపండు, నిమ్మ తిన్నంతమాత్రాన ఆయాసం రాదు, వాటికి అలర్జీ ఉంటే తప్ప. కోచింగ్ పిల్లలకి మెస్‌లో దక్కే కాస్త మంచి తిండిలో పెరుగొకటి. ఉత్త అనుమానంతో దాన్ని తీసేయొద్దు.

కంచంలో కనిపెట్టాల్సింది

చలికాలం కరోల్ బాగ్ వీధుల్లో వేరుశెనగ బండ్లు బారులు తీరుతాయి. కాయల గుట్ట మీద చిన్న కుండలో నిప్పు రాజేసి పెడతారు, కాయలు వేడిగా ఉండటానికి. పొగా పల్లీ ఒకే బండి మీద. పక్క కొట్లో నువ్వుల గజక్, రేవడీ, జీడిపప్పు బర్ఫీ, ఎండు పండ్లు. తిండి అలర్జీ ఉన్నవాళ్ళకి ఇది మెలకువగా ఉండాల్సిన కాలం.

ముందు ఊరట. ‘నాకు ఫలానాది పడదు’ అనేవాళ్ళందరికీ అలర్జీ ఉండదు. కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద జరిగిన యూరోప్రివాల్ అధ్యయనం 2016లో అచ్చయింది. పరీక్షల్లో ఏదో ఒక తిండికి స్పందన కనబడినవాళ్ళు నాలుగింట ఒక వంతుకి పైగా ఉన్నారు. నిజంగా తిండి అలర్జీ ఉండొచ్చని తేలినవాళ్ళు 1.2 శాతమే. అందుకే వంద రకాల తిండ్లకి ఒకే రక్తపరీక్ష చేసి, చాంతాడంత నిషేధాల పట్టీ చేతికిచ్చే ల్యాబ్ ప్యాకేజీలు వద్దు. వంకాయ తింటే నాలుక దురద, పాలు తాగితే ఉబ్బరం, కారం తింటే ముక్కు కారడం వేర్వేరు సంగతులు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాలూ కళ్ళూ వాయడం, వాంతి, ఆయాసం, కళ్ళు తిరగడం, ప్రతిసారీ అదే తిండితో ఇలా జరిగితే అది అలర్జీ.

వేరుశెనగ విషయంలో ఇటీవలి వైద్యం పాత సలహాని తిరగేసింది. పసివాళ్ళకి దాన్ని దూరం పెట్టమనేవారు. 2015లో వచ్చిన లీప్ అధ్యయనం 640 మంది పసిపిల్లల మీద జరిగింది. అలర్జీ వచ్చే తత్వం ఉన్న ఆ పిల్లల్లో తొలి ఏడాదిలోనే వేరుశెనగ అలవాటు చేసినవాళ్ళకి ఐదేళ్ళకి ఆ అలర్జీ 80 శాతం మేర తగ్గింది. మెత్తటి ముద్దగానో జావలో కలిపో పెట్టాలి. గింజ పెడితే గొంతుకి అడ్డం పడుతుంది. తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకి ముందు డాక్టర్ని అడగాలి.

ప్యాకెట్ వెనక చదవడం అలవాటు చేసుకోండి. ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేప, వేరుశెనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, కిలోకి 10 మిల్లీగ్రాములు దాటిన సల్ఫైట్లు ఉంటే రాయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల పేరు రాయడం తప్పనిసరి అయింది. గజక్, రేవడీ తినే మన దేశంలో ఆ అవసరం ఇంకా ఎక్కువ. బంగారు రంగు కిస్‌మిస్, నారింజ రంగు ఆప్రికాట్లు మెరవడానికి గంధకపు పొగ పడతారు. ఆ సల్ఫైట్లు కొందరు ఉబ్బసం రోగులకి ఆయాసం తెప్పిస్తాయి. నల్ల కిస్‌మిస్, గోధుమరంగు ఆప్రికాట్లు కొంత నయం.

అన్నం తిని పెరిగిన పిల్లలు ఇక్కడ మూడు పూటలా రొట్టెలకి మారతారు. అరుదుగా కొందరికి గోధుమ తిన్న రెండు మూడు గంటల్లో జిమ్‌కి వెళ్తేనో, పరిగెత్తితేనో ఒళ్ళంతా దద్దుర్లు లేచి కళ్ళు బైర్లు కమ్ముతాయి. గోధుమ ఒక్కటే తింటే ఏమీ కాదు, వ్యాయామం ఒక్కటే చేసినా ఏమీ కాదు, రెండూ కలిస్తేనే. కారణం దొరక్క నెలలు తిరిగేవాళ్ళు ఈ జంటని గుర్తుంచుకుని డాక్టరుకి చెప్పాలి. కొందరు ఉబ్బసం రోగులకి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా పడవు. జలుబుకి చేతికందిన మాత్ర వేసుకునే ముందు ఈ సంగతి అడగాలి.

ప్రాణం మీదికొస్తే

ఉబ్బసంలో ప్రమాద సూచనలు ఇవి: వాక్యం పూర్తిచేయలేకపోవడం, డొక్కలెగరేయడం, గోళ్ళు పెదాలు నీలంగా మారడం, పంపు కొట్టినా గుణం లేకపోవడం. నిటారుగా కూర్చోబెట్టి స్పేసర్‌తో నీలిరంగు పంపు నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కి నాలుగు ఊపిర్లు. నాలుగు నిమిషాల్లో తేలికపడకపోతే మళ్ళీ నాలుగు, ఈలోపు అంబులెన్స్. మన రాష్ట్రాల్లో వేలు 108 మీదికి పోతుంది. ఢిల్లీలో 112 గానీ 102 గానీ నొక్కాలి. కరోల్ బాగ్‌కి కలిసొచ్చిన సంగతి, సర్ గంగారామ్, బీఎల్ కపూర్ లాంటి పెద్దాసుపత్రులు పక్కనే ఉన్నాయి.

తిండి అలర్జీ ముదిరి గొంతు బిగుసుకున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా దానికి మందు అడ్రినలిన్ ఒక్కటే, తొడ బయటివైపు కండలోకి. సిట్రిజిన్, ఎవిల్ దానికి బదులు కావు. విదేశాల్లో రోగులు జేబులో పెట్టుకునే అడ్రినలిన్ పెన్ను మన మామూలు మందుల షాపుల్లో సులువుగా దొరకదు. అందువల్ల ఒకసారి అలా జరిగినవాళ్ళు డాక్టరుతో ముందే మాట్లాడి ఏర్పాటు చేసుకోవాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. తగ్గిందని వెంటనే ఇంటికి రాకూడదు, గంటల తర్వాత రెండో దెబ్బ కొట్టొచ్చు. ఉబ్బసం, తిండి అలర్జీ రెండూ ఉన్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. అలాంటివాళ్ళ సంగతి గదిలో ఉండే స్నేహితులకి తెలిసి ఉండాలి.

నెలవారీ పట్టిక

సెప్టెంబరు: డాక్టరుని కలిసి నివారణ పంపు మొదలు. ఏం జరిగితే ఏం చేయాలో కాగితం మీద రాయించుకోవడం. ఫ్లూ టీకా గురించి అడగడం. జలుబు వైరస్‌లే ఉబ్బసాన్ని ఎక్కువసార్లు రేపేది.

అక్టోబరు: రజాయిలు చలి రాకముందే ఎండలో వేయడం. గోడల బూజు తుడిపించడం. పుప్పొడి పడనివాళ్ళు ముక్కు స్ప్రే మొదలుపెట్టడం.

నవంబరు: దీపావళి రాత్రి, మర్నాడు పొద్దున గది లోపలే. మాస్కులు, ఫిల్టర్లు సిద్ధం.

డిసెంబరు, జనవరి: నడక మధ్యాహ్నానికి. ముక్కు మీదుగా మఫ్లరు. చల్లటి పొడిగాలి నేరుగా గొట్టాల్లోకి పోకూడదు. పంపు లోపలి జేబులో. పెద్దవాళ్ళని ఊరి నుంచి రప్పించేది ఫిబ్రవరి దాటాకే.

ఫిబ్రవరి: చలి తగ్గిందని పంపు ఆపొద్దు. పుప్పొడి రెండో విడత అప్పుడే మొదలు.

ఇందులో కొంత విద్యార్థుల చేతిలో లేదు. కిటికీ లేని గదికి అద్దె తీసుకునే యజమానీ, చదువు గదిలో వందమందిని కూర్చోబెట్టే లైబ్రరీ నిర్వాహకుడూ, మెస్ నడిపేవాళ్ళూ తలా ఒక చేయి వేయాలి. గదికి గాలి వచ్చే దారి, ప్రతి హాల్లో ఒక స్పేసరూ ఒక నీలిరంగు పంపూ ఉన్న ప్రథమ చికిత్స పెట్టె, మెస్ పలక మీద ఏ కూరలో పల్లీ నువ్వులు వేశారో రాసిన ఒక్క గీత. వీటికయ్యే ఖర్చు ఒక విద్యార్థి ఒక్క రాత్రి ఎమర్జెన్సీ వార్డులో గడిపితే అయ్యే బిల్లులో ఓ మూలకి రాదు. అద్దె గది చూసుకునేటప్పుడు వైఫై ఉందా అని అడిగే మన పిల్లలు కిటికీ ఎటు తెరుచుకుంటుందని కూడా అడగడం మొదలుపెడితే, యజమానులు జవాబు వెతుక్కోక తప్పదు.